ట్రాము బండిలో టిక్కెట్టు గంట

పిల్లలూ! బస్సెక్కి చార్జీ ఇస్తే కండక్టరు ఒక చిన్న కాగితం ముక్క చేతికిస్తాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాం. దిగాక పారేస్తాం. ఆ కాగితం ఎవరి కోసం అని అడిగితే మీలో చాలామంది, "మన కోసమే, డబ్బిచ్చామని రుజువు" అంటారు. ఆ జవాబు సగమే సరైనది. మిగతా సగం తెలియాలంటే, సుమారు నూట యాభై ఏళ్ళ కిందట పెద్ద పట్నాల వీధుల్లో తిరిగిన ట్రాము బళ్ళ సంగతి తెలుసుకోవాలి.

ట్రాము అంటే ఏమిటి?

మా రాయదుర్గం వీధుల్లో ట్రాము ఎన్నడూ నడవలేదు. కాబట్టి ముందు అదేమిటో చెప్పుకుందాం. వీధి మధ్యలో, రోడ్డుతో సమానంగా ఇనుప పట్టాలు పరిచి, వాటి మీద నడిపే బండే ట్రాము. మొదట్లో దాన్ని గుర్రాలు లాగేవి. గతుకుల రోడ్డు మీద లాగలేని బరువును కూడా పట్టాల మీద గుర్రం తేలిగ్గా లాగుతుంది. నున్నటి ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దొర్లుతున్నప్పుడు దొర్లుడు ఘర్షణ చాలా తక్కువగా ఉండటమే దీనికి కారణం.

1832లో న్యూయార్కు నగరంలో గుర్రపు ట్రాములు మొదలయ్యాయి. మన దేశంలో 1873లో కలకత్తాలోనూ, 1874లో బొంబాయిలోనూ నడిచాయి. తరవాత గుర్రాల స్థానంలో విద్యుత్తు వచ్చింది. భారతదేశంలో మొట్టమొదటి విద్యుత్ ట్రాము 1895 మే 7న మద్రాసులో బయలుదేరింది. అప్పట్లో రాయదుర్గం తాలూకా మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. చదువుకో, కోర్టు పనికో రాజధాని మద్రాసుకు వెళ్ళిన ఇక్కడివాళ్ళకు అక్కడి వీధుల్లో కనిపించిన వింతల్లో ట్రాము ఒకటి. 1953 ఏప్రిల్‌లో మద్రాసు ట్రాములు ఆగిపోయాయి. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాయదుర్గం అనంతపురం జిల్లాలో చేరింది.

అసలు చిక్కు

రైలు ప్రయాణానికి స్టేషను ఉంది, టిక్కెట్టు కిటికీ ఉంది. డబ్బు కట్టి, టిక్కెట్టు తీసుకుని, ఆ తరవాతే రైలెక్కుతాం. ట్రాము అలా కాదు. అది నాలుగడుగులకొకసారి ఆగుతుంది. ఒకడు ఎక్కి రెండు వీధులు దాటి దిగిపోతాడు. ఇంతలో నలుగురు ఎక్కుతారు. చార్జీ వసూలు చేసేవాడు బండిలో ఒక్కడే. డబ్బంతా అతని తోలుసంచిలో పడుతుంది. యజమాని ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఉంటాడు. సాయంత్రం కండక్టరు సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరిస్తే, ఆ రోజు ఎంతమంది ఎక్కారో, ఆ సొమ్ము సరిపోయిందో లేదో యజమానికి తెలిసేదెలా?

బొంబాయిలో ఏం జరిగిందో చూడండి. 1874 మే 9న అక్కడ ట్రాములు మొదలైనప్పుడు కొలాబా నుంచి పైధోనీ దాకా చార్జీ మూడణాలు. ఎక్కేవాళ్ళు కొద్దిమందే కాబట్టి అసలు టిక్కెట్లే ఇవ్వలేదు. కొన్ని నెలలకు జనం పెరిగారు. చార్జీని రెండణాలకు తగ్గించారు. బండి నిండేసరికి ఎవరు డబ్బిచ్చారో, ఎవరు ఇవ్వలేదో తెలియని పరిస్థితి వచ్చింది. చార్జీ ఇవ్వకుండా ఎక్కేవాళ్ళు ఎక్కువయ్యారు. దాంతో ఆ ఏడాది చివరలోనే టిక్కెట్లు ప్రవేశపెట్టవలసి వచ్చింది. నలుగురున్నప్పుడు జ్ఞాపకం చాలు. నలభైమంది ఉన్నప్పుడు లెక్క కావాలి.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. కండక్టర్లందరూ దొంగలని దీని అర్థం కాదు. లెక్క లేనిచోట నిజాయితీపరుడికి కూడా రక్షణ లేదు. సొమ్ము తగ్గిందని యజమాని నిందవేస్తే, "నేను తియ్యలేదు" అని చెప్పడం తప్ప అతను చూపించగలిగినది ఏమీ ఉండదు. మంచి లెక్క దొంగను పట్టిస్తుంది, మంచివాణ్ణి కాపాడుతుంది.

అద్దాల పెట్టె

అమెరికాలోని చిన్న పట్నాల్లో కండక్టరు జీతం కూడా మిగుల్చుకోవడానికి, తోలేవాడొక్కడితోనే ట్రాములు నడిపేవారు. ఆ బళ్ళలో తోలేవాడి దగ్గర అద్దాల పక్కలున్న పెట్టె ఒకటి ఉండేది. ప్రయాణికుడు నాణేన్ని స్వయంగా అందులో వేస్తాడు. నాణెం ముందు పై అరలో పడుతుంది. తోలేవాడు అద్దంలోంచి చూసి, సరిపోయిందనుకున్నాక చిన్న మీట నొక్కుతాడు. నాణెం తాళం వేసిన కింది అరలోకి జారిపోతుంది. తాళంచెవి మాత్రం ఆఫీసులో ఉంటుంది. చిల్లర కావలసినవారికి ముందే లెక్కపెట్టి కట్టిన చిల్లర పొట్లాలు ఇచ్చేవారు. అంటే చార్జీ సొమ్మును తోలేవాడు చేత్తో తాకే పనే లేదు!

ఇలాంటి పెట్టెల్ని మెరుగుపరచినవారిలో టామ్ ఎల్. జాన్సన్ ఒకడు. యువకుడిగా ట్రాము కంపెనీలో పనిచేస్తూ అతను ఈ పని చేశాడు. అతనే 1901లో క్లీవ్‌లాండ్ నగరానికి మేయరై, పేదలకు అందేలా ట్రాము చార్జీ మూడు సెంట్లే ఉండాలని పోరాడాడు.

అద్దాల పెట్టెలో ఒక లోపం ఉంది. డబ్బు ఎంత పడిందో అది చెబుతుంది గాని, ఎంతమంది ఎక్కారో చెప్పదు. ఒకడు డబ్బు వేయకుండా కూర్చుంటే పెట్టెకు తెలియదు.

గంట మోగే పంచ్

1870ల్లో పెద్ద నగరాల ట్రాముల్లోకి ఒక కొత్త పరికరం వచ్చింది. చేతిలో ఇమిడే ఇనుప పంచ్. కండక్టరు దాన్ని ఒంటికి తగిలించుకునేవాడు. చార్జీ తీసుకోగానే టిక్కెట్టును దాని చీలికలో పెట్టి మీట నొక్కాలి. ఆ ఒక్క నొక్కుతో నాలుగు పనులు జరుగుతాయి.

ఒకటి, టిక్కెట్టుకు గుండ్రటి చిల్లు పడుతుంది. ఇక దాన్ని మళ్ళీ అమ్మడానికి వీల్లేదు.

రెండు, తెగిన కాగితపు బిళ్ళ బయట పడిపోకుండా పంచ్ లోపల తాళం వేసిన అరలో నిలుస్తుంది.

మూడు, లోపలున్న అంకెల చక్రం ఒక అంకె ముందుకు జరుగుతుంది.

నాలుగు, 'టింగ్' మని గంట మోగుతుంది.

సాయంత్రం ఆఫీసులో పంచ్ తెరిచి అంకె చూస్తారు. బిళ్ళలు లెక్కపెడతారు. ఒక్కొక్క చార్జీకి ఒక్కొక్క రంగు కాగితం కాబట్టి, బిళ్ళల రంగులు వేరుచేసి లెక్కపెడితే ఏ చార్జీ ఎంతమంది ఇచ్చారో తేలిపోతుంది. అంకెల చక్రం, బిళ్ళలు, సంచిలోని సొమ్ము మూడూ ఒకే మాట చెప్పాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట.

మరి గంట దేనికి? లెక్కకు చక్రం చాలదూ? ఈ పరికరంలో అసలు తెలివి ఆ గంటలోనే ఉంది. డబ్బిచ్చిన ప్రయాణికుడు గంట వింటాడు. పక్కనున్నవాళ్ళూ వింటారు. డబ్బు తీసుకుని కూడా గంట మోగించకపోతే బండిలో అందరికీ తెలిసిపోతుంది. అంటే, ఆఫీసులో కూర్చున్న యజమాని బదులు బండిలోని జనమంతా సాక్షులయ్యారు. ప్రయాణికుడి ఎదుటే చిల్లు పెట్టాలని న్యూయార్కు ట్రాముల్లో కండక్టర్లకు నోటీసు కట్టేవారు. ఆ నోటీసు నుంచి పుట్టిన ఒక పదం తలకెక్కి వదలకుండా వేధించిన తమాషాను అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1876లో హాస్యకథగా రాశాడు.

మోసాలు పూర్తిగా ఆగాయా అంటే, లేదు. కొందరు కండక్టర్లు సొంతంగా మరొక పంచ్ కొనుక్కుని జేబులో దాచుకున్నారు. గంట మోగుతుంది, కాని కంపెనీ చక్రం జరగదు! దానికి విరుగుడుగా కంపెనీలు మారువేషపు ప్రయాణికుల్ని ఎక్కించి తలలు లెక్కపెట్టించాయి. ఈనాటి మన తనిఖీ అధికారులకు వాళ్ళు పూర్వీకులు.

చక్రం వెనక్కి ఎందుకు తిరగదు?

పంచ్‌లోని అంకెల చక్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఒక చక్రం అంచున 0 నుంచి 9 దాకా పది అంకెలు ఉంటాయి. పూర్తి చుట్టు 360 డిగ్రీలు. కాబట్టి ఒక్కొక్క నొక్కుకు చక్రం అందులో పదోవంతు, అంటే 36 డిగ్రీలు తిరగాలి. ఇది ఒకట్ల చక్రం. ఇది 9 నుంచి 0కి మారేటప్పుడు దీని మీదున్న చిన్న మేకు పక్కనున్న పదుల చక్రాన్ని ఒక్క అంకె జరుపుతుంది. పదుల చక్రం వందల చక్రాన్ని జరుపుతుంది. మీరు కూడికలో "చేతికి ఒకటి" అంటారే, ఆ పనిని ఇక్కడ మేకు చేస్తోంది. మూడు చక్రాలుంటే 999 దాకా లెక్క వస్తుంది. మోటారు సైకిలు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే పాతరకం మీటరులోనూ ఇదే ఏర్పాటు.

మరి కండక్టరు చక్రాన్ని వెనక్కి తిప్పితే? దానికి వీల్లేకుండా చక్రానికి ఒకవైపు వాలిన పళ్ళు పెడతారు. పళ్ళ మధ్యలో స్ప్రింగుతో ఒక చిన్న నాలుక ఆని ఉంటుంది. ముందుకు తిరిగేటప్పుడు నాలుక పళ్ళ వాలు మీద జారుతూ పోతుంది. వెనక్కి తిప్పబోతే పంటికి అడ్డం పడి ఆపేస్తుంది. మీ సైకిలును తోసుకుంటూ నడిచేటప్పుడు వెనక చక్రం దగ్గర 'టిక్ టిక్' మంటుంది, విన్నారా? అక్కడ ఉన్నవీ ఇలాంటి పళ్ళూ నాలుకలే. మా ఊరి మగ్గాల మీద నేసిన బట్ట చుట్టుకునే గుండ్రటి కర్ర వెనక్కి తిరగకుండా పట్టేదీ ఇదే ఏర్పాటు.

ఈ పంచ్‌లు తయారుచేయడానికి 1878లో లండనులో బెల్ పంచ్ కంపెనీ ఏర్పడింది. ట్రాము టిక్కెట్లు లెక్కపెట్టడంతో మొదలైన ఆ కంపెనీయే 1961లో 'అనిటా' అనే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. బల్ల మీద పెట్టుకునే కాలిక్యులేటర్లలో పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పనిచేసిన మొట్టమొదటిది అదే. బిళ్ళలు లెక్కపెట్టిన విద్యకు 83 ఏళ్ళలో ఎంత ఎదుగుదలో చూడండి!

ఎక్కేటప్పుడే చెల్లింపు

ఇంకో చిక్కు మిగిలింది. కిక్కిరిసిన బండిలో కండక్టరు ఒక చివర నుంచి రెండో చివరకు చేరేలోపు కొందరు దిగిపోయేవారు. 1905లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో దీనికి ఒక ఉపాయం చేశారు. ట్రాము వెనకభాగాన్ని వెడల్పు చేసి కండక్టరును అక్కడే నిలబెట్టారు. ఎక్కినవాళ్ళంతా అతన్ని దాటుకుంటూ, చార్జీ చెల్లించి లోపలికి వెళ్ళాలి. కండక్టరు జనం దగ్గరికి పోయే బదులు జనమే కండక్టరు దగ్గరికి వచ్చేలా చేశారు. కొత్త యంత్రమేమీ లేదు, నిలబడే చోటు మార్చారు. అంతే!

వరస నంబర్ల లెక్క

ఇప్పుడు మన బస్సుల సంగతికి వద్దాం. హైదరాబాదు సంస్థానంలో 1932 జూన్‌లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. యంత్రాలు రాకముందు మన కండక్టర్ల చేతిలో రంగురంగుల టిక్కెట్ల కట్టలుండేవి. ఒక్కొక్క ధరకు ఒక్కొక్క కట్ట. ప్రతి టిక్కెట్టు మీదా వరస నంబరు. చక్రం, గంట చేసిన పనిని ఇక్కడ ఆ నంబరే చేసేది.

ఒక లెక్క చేద్దాం. ఒక కండక్టరు రాయదుర్గం నుంచి బయలుదేరేటప్పుడు 5 రూపాయల కట్టలో పై టిక్కెట్టు నంబరు 960. 10 రూపాయల కట్టలో 2450. 20 రూపాయల కట్టలో 7118 అనుకోండి. కళ్యాణదుర్గం చేరేసరికి ఆ కట్టల్లో పైనున్న నంబర్లు 972, 2481, 7135.

5 రూపాయలవి 972 – 960 = 12 టిక్కెట్లు; 60 రూపాయలు.
10 రూపాయలవి 2481 – 2450 = 31 టిక్కెట్లు; 310 రూపాయలు.
20 రూపాయలవి 7135 – 7118 = 17 టిక్కెట్లు; 340 రూపాయలు.

మొత్తం 60 టిక్కెట్లు, 710 రూపాయలు. సంచిలో అంతే ఉండాలి. తనిఖీ అధికారి దారి మధ్యలో బస్సెక్కినా, ఆ నిమిషానికి పైనున్న నంబర్లు చూసి ఇదే లెక్క కడతాడు. కొందరు తొందరపడి 960 నుంచి 972 వరకు 13 టిక్కెట్లంటారు. అది పొరపాటు. 972వ నంబరు ఇంకా కట్టలోనే ఉంది. చివరగా చిరిగినది 971.

ఇప్పుడు కండక్టర్ల చేతికి చిన్న యంత్రాలు వచ్చాయి. మీట నొక్కగానే టిక్కెట్టు అచ్చయి వస్తుంది. అందులో సిరా లేదు! ఆ కాగితానికి వేడి తగిలితే నల్లబడే రసాయనపు పూత ఉంటుంది. యంత్రంలోని సన్నటి వేడి చుక్కలు దాని మీద అక్షరాలు రాస్తాయి. పరికరం మారింది, సూత్రం మారలేదు. ప్రతి ప్రయాణికుడికీ ఒక గుర్తు, ప్రతి గుర్తుకూ ఒక నంబరు, ఆ నంబరు వెనక్కి పోదు.

లెక్కలో లేని ఊరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మిగతా సగం జవాబు. కొందరు, "దగ్గరేగా దిగేది, టిక్కెట్టు వద్దులే" అని చార్జీలో సగం కండక్టరు చేతిలో పెడతారు. ఇద్దరికీ లాభమే అనుకుంటారు. మూడోవాడొకడు నష్టపోతున్నాడు. అతనెవరు?

ఒక పల్లెకు రోజుకు రెండుసార్లు బస్సు వస్తుందనుకోండి. రోజూ నిజంగా నలభైమంది ఎక్కుతున్నారు. టిక్కెట్టు తీసుకునేది పదిహేనుమందే. డిపోలో కాగితాలు చూసేవారికి ఆ ఊళ్ళో నలభైమంది కనిపించరు, పదిహేనుమందే కనిపిస్తారు. డీజిలు ఖర్చు కూడా రాని దారి అని అక్కడ రాసుకుంటారు. కొన్నాళ్ళకు బస్సు ఒక్కసారే వస్తుంది. తరవాత అదీ రాదు. మాలాంటి కరవుసీమలో పల్లెకు బస్సు ఆగిందంటే నష్టపోయేది సగం చార్జీ మిగుల్చుకున్న పెద్దమనిషి కాదు. అతనికి మోటారు సైకిలుంది. బస్సు లేక చదువు ఆగిపోయేది హైస్కూలుకు వచ్చే ఆడపిల్లకు. ఆసుపత్రికి వెళ్ళలేక మంచాన పడేది ముసలమ్మ. టిక్కెట్టు తీసుకోని ప్రయాణికుడు లెక్కలో లేడు. అతనితోపాటు అతని ఊరు కూడా లెక్కలోంచి జారిపోతుంది.

చార్జీల విషయంలో కూడా లెక్కే ముఖ్యం. 1953లో కలకత్తాలో ట్రాము రెండో తరగతి చార్జీని ఒక్క పైస పెంచితే నగరమంతా ఆందోళన చెలరేగింది. ఒక్క పైసే కదా అనకండి. రోజూ ఎక్కేవాడికి అది నెల తిరిగేసరికి బరువు. లక్షలమందిని కలుపుకుంటే కంపెనీకి పెద్ద సొమ్ము. ఎంత పెంచాలి, అసలు పెంచాలా అనే వాదానికి ముందు, ఎంతమంది ఎక్కుతున్నారో సరిగ్గా తెలియాలి గదా!

సున్నా టిక్కెట్టు

చివరగా ఒక చిత్రమైన సంగతి. మా సరిహద్దుకు అవతల కర్ణాటకలో 2023 జూన్ నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. డబ్బు లేదు గనక టిక్కెట్టు కూడా అక్కర్లేదనుకున్నారా? అక్కడ కూడా కండక్టరు టిక్కెట్టు ఇస్తాడు. దాని మీద ప్రయాణికురాలు కట్టవలసిన చార్జీ సున్నా!

ఎందుకంటే, ఆ ప్రయాణపు ఖర్చును ఆర్టీసీకి ప్రభుత్వం చెల్లించాలి. ఎంత చెల్లించాలో ఆ సున్నా టిక్కెట్ల లెక్కే చెబుతుంది. టిక్కెట్టు అంటే డబ్బుకు రసీదు మాత్రమే అయితే సున్నా టిక్కెట్టుకు అర్థం లేదు. అది మనిషికి లెక్క. "ఈ బస్సులో, ఈ ఊరి నుంచి, ఒక మనిషి ప్రయాణం చేసింది" అని చెప్పే సాక్ష్యం. కాబట్టి మీ అమ్మగారితో బస్సెక్కినప్పుడు, "ఉచితమేగా, టిక్కెట్టు దేనికి?" అని ఆమె అంటే, దేనికో ఇప్పుడు మీరు చెప్పగలరు.

చేసి చూడండి

1. ఇప్పటి బస్సు టిక్కెట్టును బల్ల మీద పెట్టి గోటితో గట్టిగా, వేగంగా గీయండి. నల్లటి గీత పడుతుంది. ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చింది?

2. అట్టముక్కతో ఒక గుండ్రటి చక్రం కత్తిరించి, 36 డిగ్రీలకొక గీత చొప్పున పది గీతలు గీసి, 0 నుంచి 9 దాకా అంకెలు వేయండి. అలాంటివి రెండు చేసి, ఒకటి పూర్తిగా తిరిగినప్పుడు రెండోది ఒక అంకె జరిగేలా గుండుసూదితో ఏర్పాటు చేయండి.

3. ఒక కండక్టరు దగ్గర 15 రూపాయల కట్టలో మొదట పైనున్న నంబరు 3986, చివర పైనున్న నంబరు 4013. ఎన్ని టిక్కెట్లు అమ్మాడు? సొమ్మెంత? సంచిలో 390 రూపాయలే ఉంటే ఎన్ని టిక్కెట్ల సొమ్ము తగ్గింది?

4. మీ బడికి వచ్చే బస్సులో ఒక వారం రోజులు, మీ ఊళ్ళో ఎక్కేవారిని, టిక్కెట్టు తీసుకునేవారిని వేరువేరుగా లెక్కపెట్టి పట్టిక వేయండి. రెండు అంకెలూ ఒకటేనా? కాకపోతే ఆ పట్టికను తరగతిలో అందరికీ చూపించి చర్చించండి.